రంగులు పెరిగినా చెడని ఆట: దక్కను గంజీఫా విస్తరణలో సమతూకం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక ఆటకు కొత్త పావులను, కొత్త ముక్కలను, కొత్త పాత్రలను చేర్చినప్పుడు దాని సమతూకం నిలుస్తుందా, చెడుతుందా అన్నది నేడు రోల్ ప్లేయింగ్ ఆటల విస్తరణ గ్రంథాల విషయంలో ఎక్కువగా చర్చకు వస్తున్న ప్రశ్న. ఇదే ప్రశ్నను దక్కనులో ఆడిన గంజీఫా ముక్కల చరిత్రకు అన్వయించి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. 96 ముక్కల మొగలు గంజీఫా, 120 ముక్కల దశావతార గంజీఫా, 360 ముక్కల వరకు సాగిన మైసూరు విస్తరణ ఇందులో ప్రధాన ఆధారాలు. చదరంగం, పులిజూదం తులనాత్మక పరిశీలనకు ఉపకరించాయి. గంజీఫాలో సగం రంగులకు ఉండే తిరగబడిన వరుసే ఆటకు సమతూకాన్ని ఇస్తుందన్న సాధారణాభిప్రాయం సరికాదని, సమతూకానికి మూలం రంగుల అంతర్నిర్మాణంలోని సమానత్వమని ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలకపదాలు: గంజీఫా, దశావతార ముక్కలు, నిర్మల్, పులిజూదం, చదరంగం, సమతూకం, విస్తరణ గ్రంథాలు, పాతబస్తీ.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు పాతబస్తీలో, మూసీ దక్షిణపుటొడ్డున దారుష్షిఫా ప్రాంతంలో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సేకరణలతో 1951లో దీవాన్ దేవిడీలో ప్రారంభమైన ఈ సంస్థ 1968లో ప్రస్తుత భవనానికి మారింది. ఇక్కడి దంతపు వస్తువుల విభాగంలో చదరంగం పావులు కూడా ఉన్నాయి. అద్దం వెనుక ఉన్న పావును చూసిన సందర్శకునికి దాని పదార్థం, చెక్కడపు నైపుణ్యం, దాన్ని సొంతం చేసుకున్నవారి హోదా తెలుస్తాయి. ఆ పావు ఎన్ని గళ్ళు నడిచేదో, దేనిని చంపగలిగేదో, ఎదుటి పావుతో పోలిస్తే దాని విలువ ఎంతో తెలియదు. వస్తువు మిగిలి నియమం మరుగున పడటం ఆటల చరిత్రలో తరచుగా ఎదురయ్యే పరిస్థితి.

తెలుగువారి ఆటపాటలకు సాంఘిక చరిత్రలో స్థానం కల్పించినవారిలో సురవరం ప్రతాపరెడ్డి ముఖ్యులు. హైదరాబాదు కేంద్రంగా గోలకొండ పత్రికను నడిపిన ఆయన తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో ఆహారం, వేషభాషలు, ఆచారాలతోపాటు వినోదాలను కూడా చరిత్ర సామగ్రిగా గుర్తించారు. ఆ మార్గంలో సాగిన పరిశోధన ఆటల పేర్లను, కావ్యప్రస్తావనలను సేకరించింది. ఆటల లోపలి యంత్రాంగం జోలికి అంతగా వెళ్ళలేదు. ఒక ఆట ఎందుకు నిలిచింది, మరొకటి ఎందుకు అంతఃపురం దాటలేదు అన్న ప్రశ్నలకు పేర్ల పట్టిక సమాధానం చెప్పదు. నియమాలను, సంఖ్యలను పరిశీలిస్తేనే సమాధానం దొరుకుతుంది.

2. సమతూకం – మూడు అర్థాలు:

‘ఆట సమతూకం’ అన్న మాటను విడమరచి వాడకపోతే చర్చ దారి తప్పుతుంది. ఈ వ్యాసంలో దాన్ని మూడు అర్థాలలో గ్రహించడమైనది.

2.1 పక్షాల సమతూకం: ఎదురెదురుగా ఆడేవారికి గెలుపు అవకాశాలు దాదాపు సమానంగా ఉండటం.

2.2 ఎంపికల సమతూకం: ఆటగాని ముందున్న పావులు, ముక్కలు, పాత్రలు, ఎత్తుగడలలో ఏదో ఒక్కటే తక్కినవాటిని నిరర్థకం చేయకుండా ఉండటం.

2.3 ఆటకూ ఆటగానికీ నడుమ సమతూకం: ఆట అడిగే జ్ఞాపకశక్తి, సమయం, ఓర్పు మనిషి మోయగలిగినంతలో ఉండటం.

మొదటి రెండింటిపై నేడు విస్తారంగా చర్చ జరుగుతున్నది. మూడవదాన్ని పట్టించుకున్నవారు తక్కువ. గంజీఫా చరిత్రలో నిర్ణాయకమైనది ఈ మూడవదే.

3. గంజీఫా – నిర్మాణం:

3.1 చారిత్రక నేపథ్యం:

గంజీఫా గుండ్రని ముక్కలతో ఆడే ఆట. బాబరు 1527లో సింధు పాలకుడైన షా హసన్‌కు గంజీఫా పంపినట్లు బాబర్‌నామా చెబుతుంది. అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో పన్నెండు రంగుల పాత కట్టను, దానికి అక్బరు చేసిన మార్పులను వర్ణించాడు. ఒక్కో రంగుకు పన్నెండు ముక్కల చొప్పున పన్నెండు రంగులకు 144 ముక్కలు. తరువాతి కాలంలో విస్తృతంగా వ్యాపించినది ఎనిమిది రంగుల 96 ముక్కల కట్ట.

ఆ ఎనిమిది రంగులు: తాజ్ (కిరీటం), సఫేద్ (వెండినాణెం), షంషేర్ (ఖడ్గం), గులామ్ (సేవకుడు), చంగ్ (వీణవంటి వాద్యం), సుర్ఖ్ (బంగారునాణెం), బరాత్ (రాజపత్రం), ఖిమాష్ (సరుకు). ఒక్కో రంగులో మీర్ అనే రాజు, వజీర్ అనే మంత్రి, ఒకటి నుంచి పది వరకు అంకెల ముక్కలు ఉంటాయి. రంగుల పేర్లను వరుసగా చూస్తే ఒక దర్బారు కళ్ళకు కడుతుంది. సింహాసనం, ఖజానా, ఆయుధాగారం, సేవకవర్గం, సంగీతం, దఫ్తరు, గిడ్డంగి అన్నీ అందులో ఉన్నాయి. రాజ్యపాలనలోని శాఖలే ఆటలో రంగులయ్యాయి.

3.2 తిరగబడిన వరుస:

ఎనిమిది రంగులలో మొదటి నాలుగింటిని బేష్‌బర్ అని, తక్కిన నాలుగింటిని కమ్‌బర్ అని అంటారు. రెంటిలోనూ మీర్, వజీర్‌లదే అగ్రస్థానం. బేష్‌బర్ రంగులలో వారి తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. కమ్‌బర్ రంగులలో ఒకటి పెద్దది, పది చిన్నది. దశావతార గంజీఫాలోనూ పది రంగులు అయిదు చొప్పున ఇలాగే విడిపోతాయి.

ఈ ఏర్పాటు చూడగానే సమతూకం కోసం చేసినదిగా తోస్తుంది. చేతికి అన్నీ చిన్న అంకెలు వచ్చినవాడు కూడా నష్టపోడు. ఒక రంగులో పనికిరానిది మరో రంగులో పనికి వస్తుంది అన్న వివరణ సహజంగా వినిపిస్తుంది. కాని నియమాన్ని నిశితంగా పరిశీలిస్తే ఈ వివరణ నిలవదు. హుకుం లేని గంజీఫా పద్ధతిలో ఒక ముక్క తన రంగు ముక్కను మాత్రమే గెలవగలదు. తాజ్ పదికి, సుర్ఖ్ పదికి ఎక్కడా పోటీ లేదు. కమ్‌బర్ రంగుల అంకెలను చెరిపి తలకిందులుగా తిరిగి రాశామనుకుందాం. పది ఉన్నచోట ఒకటి, తొమ్మిది ఉన్నచోట రెండు వస్తాయి. ఇప్పుడు ఎనిమిది రంగులకూ ఒకే వరుస ఏర్పడుతుంది. ఆటలో ఏ పట్టు ఎవరికి దక్కాలో అది వారికే దక్కుతుంది. గెలుపోటములలో వెంట్రుకవాసి తేడా కూడా రాదు. అంటే తిరగబడిన వరుస ముక్కల బలాన్ని మార్చలేదు. బలానికి పెట్టిన పేరును మాత్రమే మార్చింది.

మరి దాని ప్రయోజనమేమిటి? అది ఆటగాని ధ్యాసకు పరీక్ష. ఏ రంగు ఏ వర్గానిదో ప్రతి ఎత్తులోనూ గుర్తుంచుకోవాలి. అలవాటు పడినవానికి అది భారం కాదు. కొత్తవాడు అక్కడే తడబడతాడు. కాబట్టి ఈ నియమం ఆటగాళ్ళ మధ్య సమానత్వాన్ని పెంచడానికి బదులు, నేర్పరికీ నేర్వనివానికీ నడుమ దూరాన్ని పెంచుతుంది. చరిత్రకారులు దీన్ని సమతూక సాధనంగా కాక, నైపుణ్య సాధనంగా గుర్తించడం అవసరం.

3.3 మొదటి ఎత్తు:

చాలా ఆటలలో ముందు ఆడేవానికి కొంత మొగ్గు ఉంటుంది. చదరంగంలో తెల్లపావులకు ఈ మొగ్గు ఉన్నది. గంజీఫా దీన్ని అందంగా పరిష్కరించింది. పగలు ఆడితే సుర్ఖ్ మీర్ ఎవరి చేతిలో ఉంటే వారు, రాత్రి ఆడితే సఫేద్ మీర్ ఎవరి చేతిలో ఉంటే వారు ఆట మొదలుపెడతారు. బంగారునాణెం సూర్యునికి, వెండినాణెం చంద్రునికి సంకేతాలు. దశావతార గంజీఫాలో పగటికి రాముడు, రాత్రికి కృష్ణుడు ఆ స్థానంలోకి వచ్చారు. సూర్యవంశం, చంద్రవంశం అన్న పురాణసంప్రదాయం ఇక్కడ ఆటనియమంగా ఒదిగిపోయింది. ముగ్గురు ఆడితే ఆ ముక్క ప్రతి ఒక్కరికీ మూడింట ఒక వంతు అవకాశంతో అందుతుంది. మొదటి ఎత్తు మొగ్గును తొలగించలేదు. దాన్ని పంపకానికి అప్పగించి అందరికీ సమానం చేసింది. గంజీఫాలో పక్షాల సమతూకానికి నిజమైన ఆధారాలు ఇటువంటివే.

4. విస్తరణ – 96 నుంచి 360 వరకు:

ఎనిమిది రంగులు పది అయినప్పుడు దర్బారు పోయి మత్స్యకూర్మాదులు వచ్చారు. రూపకం పూర్తిగా మారింది, నిర్మాణం మారలేదు. కొత్తగా చేరిన ప్రతి రంగులోనూ అవే పన్నెండు ముక్కలు, అదే రాజు, అదే మంత్రి. కొత్త రంగుకు పాత రంగుపై ఆధిక్యం లేదు. నరసింహుని రంగు వామనుని రంగును గెలవదు. ఉగ్రమూర్తి కాబట్టి బలం ఎక్కువ ఇవ్వాలన్న ఆలోచన ఆట కూర్చినవారిని లోబరచుకోలేదు. కథలో ఉన్న తారతమ్యాన్ని బలంలోకి రానివ్వకపోవడమే ఈ విస్తరణలోని విజ్ఞత. దీన్ని ‘ఆవృత్తి విస్తరణ’ అని పిలవవచ్చు.

నవగ్రహ గంజీఫాలో తొమ్మిది రంగులు, 108 ముక్కలు. తొమ్మిదిని రెండు సమభాగాలు చేయలేము. తిరగబడిన వరుసే సమతూకానికి మూలమైతే ఈ కట్ట కుంటుపడి ఉండాలి. పై విభాగంలో చూపినట్లు వరుస దిశకు బలంతో సంబంధం లేదు కనుక, తొమ్మిది రంగుల ఆటలోనూ పంపకం న్యాయంగానే ఉంటుంది. మా ప్రతిపాదనకు ఇది బలమైన ఉపపత్తి.

ఈ మార్గాన్ని చివరంటా తీసుకుపోయినవాడు మైసూరు పాలకుడు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794–1868). ఆయన పేర వెలసిన ‘శ్రీతత్త్వనిధి’లో తొమ్మిదవదైన కౌతుకనిధి ఆటల వివరాలకు నెలవు. ‘ఛద్’ అనే పేరుతో ఆయన కూర్చిన ముక్కలాటలలో చాముండేశ్వరి ఛద్‌కు 320 ముక్కలు, జగన్మోహన ఛద్‌కు 360 ముక్కలు. పదహారు రంగులకు, పద్దెనిమిది రంగులకు ఇరవయ్యేసి ముక్కల లెక్క ఇది. నేటి పరిభాషలో చెప్పాలంటే కౌతుకనిధి ఒక విస్తరణ గ్రంథం. మూల ఆటను ఆధారం చేసుకొని, దానికి మరిన్ని రంగులు, మరిన్ని దర్బారీ ముక్కలు చేర్చి, చిత్రాలతో, వివరణలతో అందించిన గ్రంథం.

ఇక్కడ లెక్క వేసి చూడాలి. 96 ముక్కలను ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి 32. 120ని పంచితే 40. 144 అయితే 48. 360ని నలుగురికి పంచినా 90. మూడవ అర్థంలో చెప్పుకున్న సమతూకం ఇక్కడ దెబ్బతింటుంది. మొగలు కట్టతో ముగ్గురు ఆడేటప్పుడు ఆటగాని కంటికి కనిపించని ముక్కలు 64; వాటిలో ఏవి పోయాయో ఏవి మిగిలాయో గుర్తుంచుకోవడంలోనే ఆట ఉంది. జగన్మోహన ఛద్‌లో నలుగురు కూర్చుంటే కనిపించని ముక్కలు 270. పంపకం న్యాయమైనదే, ఎవరికీ అన్యాయం జరగదు. అయినా అది మామూలు మనిషి ఓపికకు మించిన ఆట. ఒరిస్సా పల్లెలలోనూ సావంతవాడిలోనూ చేతివృత్తిగా బతికి వచ్చినవి ప్రధానంగా చిన్న కట్టలే. మైసూరు పెద్ద కట్టలు రాజప్రాసాద వైభవానికి గుర్తులుగా మిగిలాయి.

5. నిర్మల్, పాతబస్తీ – ఉత్పత్తి, వినియోగం:

తెలుగునాట గంజీఫా తయారీకి పేరుగన్న కేంద్రాలలో నిర్మల్ ఒకటి. పొణికి చెక్క బొమ్మలకు, బంగారువన్నె చిత్రాలకు ప్రసిద్ధి చెందిన నకాషీ కళాకారులే ముక్కలను కూడా చిత్రించారు. నిజాము రాజ్యంలో నిర్మల్ పనితనానికి రాజధానిలోని ప్రభువర్గం ఆదరణ లభించింది. ఒకే కళాకారుల సముదాయం మొగలు రంగులను, దశావతారాలను కూడా గీయగలగడానికి కారణం పై విభాగంలో చెప్పిన ఆవృత్తి నిర్మాణమే. బొమ్మ మారినా లెక్క మారదు. ఒక కట్టకు పన్నెండు చొప్పున ఎన్ని రంగులు కావాలో అన్ని గీయవచ్చు. మతం, భాష, అభిరుచి వేరైన కొనుగోలుదారులకు ఒకే ఆటను వేర్వేరు బొమ్మలతో అందించే వీలు ఇందువల్ల కలిగింది. పారసీక పదజాలం, పురాణ ప్రతిమలు ఒకే నియమావళిలో ఇమిడిపోయిన ఈ స్థితి దక్కను సంస్కృతి స్వభావానికి మంచి నిదర్శనం.

ఐరోపా వారి నాలుగు రంగుల, 52 ముక్కల పేక వచ్చాక గంజీఫా వెనుకబడింది. తెలుగులోని ‘కళావరు’ అన్న మాట డచ్చివారి ‘క్లావర్’ను, ‘ఆఠీను’ వారి ‘హార్టెన్’ను తలపిస్తాయి. మచిలీపట్నం వంటి రేవులలో డచ్చి వర్తకుల ఉనికిని గుర్తుచేసుకుంటే ఈ పోలిక యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. అచ్చులో చవకగా దొరకడం పేకకు కలిసివచ్చిన ఒక కారణం. రెండవ కారణం ఆటలోనే ఉంది. నలుగురికి పంచితే పదమూడు ముక్కలు ఒక చేతిలో విసనకర్రలా ఇమిడిపోతాయి. విస్తరణ వైపు సాగిన గంజీఫాకు, కుదింపుతో వచ్చిన పేకకు మధ్య పోటీలో కుదింపే గెలిచింది.

6. తులనాత్మక పరిశీలన:

6.1 చదరంగం – బలం మార్పు:

పాత షత్రంజ్‌లో మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. ఏనుగు ఐమూలగా రెండవ గడికి దూకేది. అందువల్ల మొత్తం 64 గళ్ళలో ఒక ఏనుగు చేరగలిగినవి ఎనిమిదే. పదిహేనవ శతాబ్ది చివర ఐరోపాలో ఈ రెండు పావుల బలం ఒక్కసారిగా పెరిగింది. మార్పు ఇరుపక్షాలకూ సమానంగా వర్తించింది కాబట్టి పక్షాల సమతూకం చెడలేదు. ఎంపికల సమతూకం మాత్రం పూర్తిగా మారిపోయింది. మంత్రి ముందు తక్కిన పావులన్నీ చిన్నబోయాయి, ఆట వేగం పెరిగింది, పాత సమస్యలు పనికిరాకుండా పోయాయి.

ఈ సంధికాలపు ఇబ్బంది మన దేశంలోనూ కనిపిస్తుంది. తిరుపతి ప్రాంతీయుడైన తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృతంలో రచించిన ‘విలాసమణిమంజరి’ ఆంగ్లరూపం 1814లో బొంబాయిలో వెలువడింది. ఐరోపా ఆటపద్ధతికి అనుగుణంగా మార్చిన చదరంగ సమస్యలు అందులో ఉన్నాయి. దేశీయ పద్ధతిలో బంటు తొలి ఎత్తులోనూ ఒక్క గడే నడుస్తుంది. చివరి వరుస చేరినప్పుడు ఆ నిలువు వరుసకు చెందిన పావుగా మారుతుంది. ఇలాంటి చిన్న తేడా కూడా చిక్కుముడి సమస్యను తారుమారు చేయగలదు. నియమం మారితే సమస్యను మళ్ళీ తూచవలసిందేనని ఈ గ్రంథం తెలియజేస్తుంది.

6.2 పులిజూదం – అసమాన బలాల తూకం:

పులిజూదంలో ఇరుపక్షాలు మొదటినుంచీ సమానం కావు. మూడు పులులు, పదిహేను మేకలు, 23 స్థానాల పటం. పులి దూకి మేకను చంపుతుంది. మేక చంపలేదు, దారి మూయగలదు. మేకలన్నీ దిగి ఒక్కటీ చావకపోతే 18 స్థానాలు నిండి అయిదు మిగులుతాయి. ఈ అయిదు ఖాళీలలోనే ఆట ప్రాణముంది. మరో పులిని చేర్చితే ఖాళీలు నాలుగే అయినా దూకే బలం మూడింట ఒక వంతు పెరుగుతుంది. మరో మేకను చేర్చితే పులికి ఊపిరాడే చోటు తగ్గుతుంది. ఇక్కడ విస్తరణ అంటే తూకాన్ని మొదటినుంచీ తిరిగి సరిచూడటమే. నేపాలులో ఆడే బాఘ్‌చాల్‌లో నాలుగు పులులకు ఇరవై మేకలు, 25 స్థానాలు. ఇరుపక్షాలు తప్పు చేయకుండా ఆడితే అది సమంగా ముగుస్తుందని లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ కంప్యూటరు సాయంతో నిరూపించారు. వారి వ్యాసం 2009లో ప్రచురితమైంది. తరతరాల ఆటగాళ్ళు చేతి అనుభవంతో కుదిర్చిన లెక్కను యంత్రం ధ్రువపరచింది.

6.3 రోల్ ప్లేయింగ్ ఆటలు – విస్తరణ గ్రంథాలు:

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో మూడే పాత్రవర్గాలు: యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు. 1975 నాటి ‘గ్రేహాక్’ అనే మొదటి అనుబంధం దొంగను, ధర్మవీరుని చేర్చింది. అంతవరకు అన్ని ఆయుధాలకూ ఒకే పాచిక. ఈ గ్రంథంతో ఆయుధానికొక పాచిక వచ్చింది. మాంత్రికుని మంత్రశ్రేణులు ఆరు నుంచి తొమ్మిదికి పెరిగాయి. యోధునికి ప్రాణబలం లెక్కించే పాచిక పెద్దదైంది. ఒకరికి పెంచినందుకు మరొకరికి పెంచవలసి రావడం ఈ విస్తరణలో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రాథమిక తూకం కాలంపై ఆధారపడింది. రెండవ స్థాయి చేరడానికి యోధునికి 2,000 అనుభవాంకాలు కావాలి, మాంత్రికునికి 2,500, కొత్తగా వచ్చిన దొంగకు 1,200 చాలు. చివరికి బలవంతుడయ్యేవాడు నెమ్మదిగా ఎదగాలన్నది సూత్రం. 2000 నాటి మూడవ కూర్పు అన్ని వర్గాలకూ ఒకే అనుభవ పట్టికను ఇచ్చి ఈ పగ్గాన్ని తీసివేసింది.

ఈ ఆటలలో ఆటగాళ్ళు పరస్పరం పోటీదారులు కారు, ఒకే బృందం. అందుచేత ఇక్కడ చెడేది పక్షాల సమతూకం కాదు, ఎంపికల సమతూకం. కొత్త గ్రంథంలోని పాత్ర పాతదాన్ని మించిపోతే పాతపాత్ర ధరించినవాడు బల్ల దగ్గరే ఉండి ప్రేక్షకుడవుతాడు. విస్తరణ గ్రంథాల ధర్మం పులిజూదానికి దగ్గర, గంజీఫాకు దూరం. కొత్త పాత్రకు ఆకర్షణ ఉండాలంటే అది భిన్నంగా ఉండాలి. భిన్నంగా ఉన్నదాన్ని తూచడం కష్టం. గంజీఫా భిన్నత్వాన్ని బొమ్మలో ఉంచి, సమానత్వాన్ని లెక్కలో ఉంచి ఈ చిక్కును దాటింది. అందుకు మూల్యంగా కొత్త రంగు కొత్త ఎత్తుగడను ఇవ్వలేకపోయింది.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. గంజీఫాలోని బేష్‌బర్, కమ్‌బర్ విభజన గెలుపు అవకాశాలను ప్రభావితం చేయదు. అది ధ్యాసకు, జ్ఞాపకానికి పెట్టిన పరీక్ష.

2. ప్రతి రంగుకూ ఒకే నిర్మాణం, రంగుల మధ్య ఆధిక్యం లేకపోవడం, మొదటి ఎత్తును పంపకానికి వదిలిపెట్టడం, ఈ మూడూ గంజీఫా సమతూకానికి ఆధారాలు. అందుకే ఎనిమిది రంగులు పది, తొమ్మిది, పన్నెండు, పద్దెనిమిది అయినా పంపకపు న్యాయం చెడలేదు.

3. ఆవృత్తి విస్తరణకు హద్దు న్యాయంలో లేదు, మనిషి చేతిలోనూ జ్ఞాపకంలోనూ ఉంది. మైసూరు ఛద్‌లు ఆ హద్దును దాటాయి.

4. చదరంగం, పులిజూదం, రోల్ ప్లేయింగ్ ఆటలు బలాన్ని మార్చి విస్తరించినవి. వాటిలో ప్రతి చేర్పు తూకాన్ని మళ్ళీ సరిచూడమని అడుగుతుంది.

తెలుగు పరిశోధనకు ఇందులో ఒక బాధ్యత ఉంది. ముక్క వ్యాసం, రంగుల తయారీ, నగిషీ వివరాలు కళాచరిత్రకారుల కృషివల్ల నమోదయ్యాయి. నియమాలను నమోదు చేయవలసినవారు భాషాసాహిత్య పరిశోధకులు. ఎందుకంటే నియమం మాటలలో ఉంటుంది, వస్తువులో ఉండదు. ‘ఇలా పడితే ఇంతే నడవాలి’, ‘ఇక్కడ దూకితే చెల్లదు’ అని పెద్దలు చెప్పే వాక్యాలే ఆటకు శాసనాలు. పాతబస్తీ ఇళ్ళలోనూ నిర్మల్ కళాకారుల కుటుంబాలలోనూ పల్లెల రచ్చబండల మీదా వయసు మళ్ళినవారి నోట ఆ వాక్యాలను వారి పలుకుబడిలోనే, పావుల సంఖ్యతో, పటం గీతలతో సహా రాసుకోవాలి. లేకపోతే మిగిలేవి అద్దం వెనుక అందమైన ముక్కలు మాత్రమే. వాటిని చూడగలం గాని ఆడలేం.